మీ థీసిస్‌లో మీరెక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాకా ఒకటే బాధ. పీహెచ్‌డీలో చేరి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లు, తాము రాసింది తామే చదువుకుంటే ఎవరో రాసినట్టుందని. ఫెలోషిప్ ఆలస్యాలు, హాస్టల్ గదుల గొడవలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈ ఐదు ఉత్తరాలూ తీసుకున్నాను. పేర్లు వేయొద్దని కొందరే అడిగారు గానీ అందరివీ తీసేశాను, గైడ్లు కూడా పత్రికలు చదువుతారు కదా.

ప్రశ్న: నమస్తే మేడమ్. సోషియాలజీలో పీహెచ్‌డీ రెండో సంవత్సరం. మాది పోచంపల్లి దగ్గర పల్లె, మూడు తరాలుగా మగ్గమే మా బతుకు. నా టాపిక్ చేనేత ఇళ్లల్లో ఆడవాళ్ల పని. లిటరేచర్ రివ్యూ, అంటే ఇదివరకటి పరిశోధనల సమీక్ష, నలభై పేజీలు రాసి ఇస్తే మా గైడ్ సార్ చదివి, "అన్నీ ఉన్నయి గాని నువ్వెక్కడున్నవమ్మా ఇందుల?" అన్నారు. ఆ మాటకి అర్థం తెలియక వారం రోజులు నిద్ర లేదు. సొంత గొంతు ఉండాలి అని అందరూ అంటారు, అదెలా వస్తుందో ఎవరూ చెప్పరు. రెండు పేజీలు జత చేస్తున్నాను. తప్పులుంటే క్షమించండి, ఆసు పోసీ పోసీ, అంటే నూలుని మేకుల చుట్టూ చేత్తో తిప్పీ తిప్పీ, అమ్మకి భుజం పోయింది, ఆస్పత్రికి తిరుగుతూ రాశాను. ఇంత చేసినా సర్కారు లెక్కల్లో మా అమ్మ నేత కార్మికురాలు కాదు, 'అనుబంధ' కార్మికురాలట.

జవాబు: నీ రెండు పేజీలూ చదివాను తల్లీ, ఆ తర్వాత ఉత్తరం ఇంకోసారి చదివాను. నువ్వు వెతుకుతున్న గొంతు ఉత్తరంలో ఉంది.

ముందు పేజీల సంగతి చూద్దాం. మొత్తం పదకొండు పేరాలు. అందులో తొమ్మిది ఎవరో ఒకరి ఇంటిపేరుతో, పక్కన సంవత్సరంతో మొదలవుతున్నాయి. ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు ఇలా పేర్కొన్నారు, ఫలానావారు కూడా ఇదే అభిప్రాయపడ్డారు. పెళ్లిలో మైకు పట్టుకుని చదివింపులు చదువుతారే, ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు స్టీలు బిందె అని, అచ్చం అలా ఉంది. ఆ మైకు పట్టుకున్నాయనకి పెళ్లికూతురు ఎవరో తెలియకపోయినా పని జరిగిపోతుంది. మీ సార్ అడిగింది అదే అనుకుంటాను, జాబితా సరే, పెళ్లి ఎవరిది అని.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి వాక్యం చూడు. 'అనుబంధ కార్మికురాలట.' ఆ 'అట' ఉందే, అది రెండక్షరాల్లో మూడు పనులు చేసింది: ఈ మాట నాది కాదు, ఇంకెవరో అన్నారు, నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఇది ఎవరూ నేర్పలేదు నీకు. తెలుగులో పుట్టి పెరిగిన చిన్నపిల్ల కూడా వాన పడింది అంటే తను చూసింది, పడిందట అంటే ఎవరో చెప్పారు, పడినట్టుంది అంటే వాకిలి తడిగా ఉంది, పడి ఉంటుంది అంటే ఊహ, ఈ నాలుగూ ఎక్కడా కలిపేయకుండా మాట్లాడుతుంది. పరిశోధన రాయడంలో ఉన్న విద్యలో ముప్పాతిక వంతు ఇదే. సైటేషన్ అంటే అడ్రస్ రాసిన 'అట', అంతకు మించి ఏమీ లేదు. నీ పేజీల్లో ఆద్యంతం అటలే ఉన్నాయి. నువ్వు చూసిన 'పడింది' ఒక్కటి లేదు, ఆనవాళ్లు చూసి నువ్వు తేల్చిన 'పడినట్టుంది' అసలే లేదు. గొంతు అంటే ఏదో స్టైల్ అనీ, అలంకారం అనీ అనుకుని చాలామంది దానికోసం పెద్ద మాటలు వెతుకుతారు. ఎక్కడ 'అట' అన్నావు, ఎక్కడ 'అవును' అన్నావు, ఎక్కడ 'ఏమో, అలా లేదే' అన్నావు అన్నదే నీ గొంతు.

ఆ 'అనుబంధ' అన్న మాట దగ్గర ఇంకాసేపు కూర్చుందాం, ఎందుకంటే నీ థీసిస్ అక్కడే ఉందని నా నమ్మకం. 2019-20 నాలుగో జాతీయ చేనేత గణనలో దేశం మొత్తం మీద సుమారు 35 లక్షల మంది లెక్కకి వచ్చారు. అందులో నేతపనివారు 26.7 లక్షలు, అనుబంధ పనివారు దాదాపు 8.5 లక్షలు. మగ్గం మీద కూర్చున్నవాళ్లు ఒక గడిలో, నూలు చుట్టేవాళ్లు, పడుగు తయారుచేసేవాళ్లు, రంగులద్దేవాళ్లు ఇంకో గడిలో. లెక్క రాసుకోవడానికి గడులు కావాలి, తప్పు పట్టడం లేదు. కానీ మీ ఇంట్లో జరిగేది చూడు. చిటికి కట్టడానికి, అంటే డిజైన్ కోసం రంగులద్దే ముందు నూలుకి ముడులు వేయడానికి, ముందు పేక నూలుని (అడ్డ పోగుల్ని) మధ్య మేకు నుంచి అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ తిప్పి తిప్పి తేవాలి, అదే ఆసు, ఒక చీరకి దాదాపు 9000 సార్లు చెయ్యి పోయి రావాలి, అంటే నాలుగైదు గంటల పని, రోజుకి రెండు చీరలైతే 18000 సార్లు. అది లేకపోతే ఆ చీర మీద డిజైనే లేదు, పోచంపల్లికి ఆ పేరే లేదు. అంత పని 'అనుబంధం' ఎలా అయింది? ఎవరు ఆ పేరు పెట్టారు, ఎప్పటి నుంచి, కూలి లెక్కల్లో, ఇన్సూరెన్స్‌లో, గుర్తింపు కార్డులో ఆ ఒక్క మాట వల్ల ఏం మారుతుంది? ఆలేరు దగ్గరి శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారని, 2017లో పద్మశ్రీ వచ్చిందని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కథ అందరూ చెప్పేదే. యంత్రం వచ్చిన ఇళ్లల్లో దాని ముందు ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు, అలా కలిసొచ్చిన సమయం ఆడవాళ్లకి మిగిలిందా లేక వేరే పనిలోకి పోయిందా, ఇది నువ్వు అడగగల ప్రశ్న. హైదరాబాద్‌లో లైబ్రరీలో కూర్చున్నవాడికి తట్టనిది.

ఇప్పుడు రాత. నీ పేజీల్లో మూడో పేరా దాదాపు ఇలా ఉంది: 'చేనేత రంగంలో మహిళలు ముఖ్యమైన పాత్ర పోషిస్తున్నారు. నేతకు ముందు జరిగే పనుల్లో మహిళలు అధికంగా పాల్గొంటారని ఫలానావారు పేర్కొన్నారు.' ఇందులో తప్పేమీ లేదు, అదే దాని జబ్బు. నేనైతే ఇలా మొదలుపెడతాను: 'చేనేత మీద వచ్చిన అధ్యయనాలు ఎక్కువగా మగ్గం దగ్గర మొదలవుతాయి. నూలు మగ్గం ఎక్కేలోపు జరిగే పనిని నేతకు ముందు పని అని ఒక వాక్యంలో చెప్పి దాటేస్తాయి. ఫలానావారు ఒక్కరే దాన్ని గంటల్లో కొలిచారు గానీ ఆ గంటల కూలి ఎవరి చేతికి వస్తుందో చూడలేదు. ఈ అధ్యయనం ఆ చేతి దగ్గర మొదలవుతుంది.' చూశావా, పేర్లు అవే, సంవత్సరాలు అవే, కానీ నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడుతున్నది నువ్వు. ఇది నమూనా మాత్రమే సుమా, నువ్వు చదివిన పేపర్లు నిజంగా అలా ఉంటేనే అలా రాయాలి. ఎవరూ చేయలేదు అని రాసే ముందు ఇంకో నెల వెతుకు. నా విద్యార్థి ఒకతను 'ఇంతవరకు ఎవరూ పరిశీలించలేదు' అని రాస్తే, వైవాకి, అంటే చివర జరిగే మౌఖిక పరీక్షకి, వచ్చిన ఎగ్జామినరే అది పరిశీలించిన మనిషి.

ఒక జాగ్రత్త. చేనేత ఇంటి పిల్లవి కాబట్టి నువ్వు ఏది రాసినా నిజమైపోదు. మీ అమ్మ ఒక మనిషి. నలభై ఇళ్లు తిరిగితే నలభై మంది అమ్మలుంటారు, అందులో కొందరు 'మాకేం కష్టం, కూర్చుని చేసే పనే కదా' అంటారు, ఆ మాట నీకు నచ్చదు, అయినా రాయాలి. పైగా ఇంట్లో పెరిగినవాళ్లకి కొన్ని కనపడవు, అలవాటైపోయి. నువ్వు ఆ ఇళ్లల్లోంచి వచ్చినదానివని మెథడాలజీ చాప్టర్‌లో నాలుగు లైన్లు సూటిగా రాసెయ్యి, అది సిగ్గుపడే విషయమూ కాదు, పతకమూ కాదు, చదివేవాళ్లకి తెలియాల్సిన సంగతి.

ఇంకో మాట. నీ పేజీల్లో ఆసు అన్న మాటే లేదు, దాని బదులు ఏదో 'నూలు అమరిక ప్రక్రియ' ఉంది. ఎందుకు? ఆసుని ఆసు అనే రాయి, మొదటిసారి వచ్చినప్పుడు అదేమిటో రెండు వాక్యాల్లో చెప్పు, ఇంగ్లీషులో రాస్తున్నా అంతే. కండెలు, చిటికి, పడుగు, పేక, ఇవేవీ ఎవరి ముందూ తలదించుకునే మాటలు కావు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం మొదలుపెట్టి 1962లో మొదటి సంపుటం వ్యవసాయం మాటలకీ, 1971లో రెండోది చేనేత మాటలకీ కేటాయించారు. అమెరికాలో పీహెచ్‌డీ చేసొచ్చిన భాషాశాస్త్రవేత్త, రైతుల దగ్గరా నేతగాళ్ల దగ్గరా మాటలు పోగుచేయించడం తక్కువ పని అనుకోలేదు. ఆ రెండో సంపుటం మీ లైబ్రరీలో వెతికి పక్కన పెట్టుకో, ఏ జిల్లాలో దేన్ని ఏమంటారో కూడా తేడాలు తెలుస్తాయి.

పని ఎలా మొదలుపెట్టాలంటే, పేపర్లన్నీ మూసేసి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, మీ అమ్మకి ఆ చాప్టర్ చెప్పు. నిజంగానే చెప్పు. 'అమ్మా, వీళ్లంతా ఇలా రాశారు' అని. ఆమె మధ్యలో 'అదేంది, అట్లెట్లయితది?' అని అడ్డుపడుతుంది చూడు, అక్కడ నువ్వు ఇచ్చిన జవాబు రాసుకో. పుస్తకం తెరిచి పెట్టుకుని రాస్తే పుస్తకం గొంతే వస్తుంది, మనం ఎంత గట్టివాళ్లమైనా సరే. రాశాక అప్పుడు పేపర్లు తెరిచి, ఎవరేమన్నారో సరిచూసుకుని సైటేషన్లు పెట్టు. అమ్మ భుజానికి నా తరఫున అడిగానని చెప్పు.

ప్రశ్న: థీసిస్‌లో 'నేను' అని రాయొచ్చా? మా డిపార్ట్‌మెంట్‌లో 'పరిశోధకుడు' అని రాయాలంటున్నారు. నా గురించి నేనే మూడో మనిషిలా రాసుకుంటుంటే నవ్వొస్తోంది.

జవాబు: రాయొచ్చు. వాట్సన్, క్రిక్ 1953 ఏప్రిల్ 25 నాటి నేచర్‌లో డీఎన్‌ఏ నిర్మాణం గురించి వేసిన ఆ చిన్న పేపర్ మొదలయ్యేదే 'మేము' అన్న మాటతో. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల రాత నియమాలు కూడా నువ్వు చేసిన పని నువ్వే చేశానని చెప్పుకోమంటాయి. అయినా మీ డిపార్ట్‌మెంట్‌లో రూల్ పుస్తకంలో రాసి ఉంటే పోట్లాడకు, అది యుద్ధం చేయదగ్గ విషయం కాదు, 'ఈ అధ్యయనం' అని సర్దుకో. ప్రతి వాక్యంలో 'నేను' పెట్టినంత మాత్రాన గొంతు రాదు, తీసేసినంత మాత్రాన పోదు. ఏదో ఒకటి తేల్చుకున్న చోట, ఎంచుకున్న చోట 'నేను' అవసరం: ఈ పద్నాలుగు ఊళ్లు నేనే ఎంచుకున్నాను, కారణం ఇదీ అని. అక్కడ మూడో మనిషి వెనక దాక్కుంటే ఎగ్జామినర్‌కి అనుమానం వస్తుంది.

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం జిల్లా. వేరుశనగ బెట్ట తట్టుకోవడం మీద పీహెచ్‌డీ. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషు రాయాలంటే చెమటలు. అందుకని చదివిన పేపర్లలో మంచి వాక్యాలు తీసుకుని అక్కడక్కడా మాటలు మార్చి పెట్టుకున్నా. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 31 శాతం పోలిక వచ్చింది. ఫ్రెండ్ చెప్పిన, మాటలు మార్చి రాసే పారాఫ్రేజ్ టూల్‌లో వేసి 8కి దించాను. ఇప్పుడు చదివితే నాకే అర్థం కావట్లేదు. ఏఐకిచ్చి మొత్తం నునుపు చేయించేదా? టెన్షన్‌గా ఉంది. రెండో ఏడాది వానలు ఎగ్గొట్టినా ఒక రకం దిగుబడి పెద్దగా తగ్గలేదు, రిజల్ట్స్ బాగానే ఉన్నాయి, రాతే సమస్య.

జవాబు: నాయనా, టెన్షన్ పడాల్సింది 31 గురించి కాదు, ఆ 8 గురించి.

ముందు రూల్ ఏంటో తెలుసుకో, చాలామంది వినికిడి మీద భయపడుతుంటారు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 లోపు ఉంటే ఆరు నెలలకి మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వమంటారు. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ లెక్కలోకి రానివి కూడా ఉన్నాయి: మూలం చెప్పి కొటేషన్‌లో పెట్టినవి, రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, అందరూ వాడే ఫార్ములాలు, చట్టాలు. అందరికీ తెలిసిన సంగతులూ, యాదృచ్ఛికంగా కలిసే మాటలూ వరసగా 14 దాకా ఉన్నా పట్టించుకోరు. కాబట్టి రిపోర్ట్ తెరిచి ఏ వాక్యాలు రంగులో ఉన్నాయో ఒక్కొక్కటి చూడు. మెథడ్స్‌లో మట్టి పరీక్ష ఎలా చేశావో అందరూ రాసినట్టే రాస్తావు, అక్కడ సొంత గొంతు కోసం తాపత్రయపడి ప్రొసీజర్ మార్చి రాస్తే చదివినవాడు ఆ ప్రయోగం మళ్లీ చేయలేడు. అది చప్పగా ఉండటమే మర్యాద.

ఇక ఆ టూల్. 2021లో గియోమ్ కబానాక్ అనే ఫ్రెంచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆయనతో ఇంకో ఇద్దరు కలిసి, అచ్చయిన పేపర్లలో వింత మాటలు వెతికి బయటపెట్టారు. 'బ్రెస్ట్ క్యాన్సర్' ఉండాల్సిన చోట 'బోసమ్ పెరిల్', 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' బదులు 'కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్'. అంటే కృత్రిమ మేధ కాస్తా నకిలీ స్పృహ అయి కూర్చుంది! టూల్‌కి పర్యాయపదాలు తెలుసు, విషయం తెలియదు. అలాంటి మాటలు చూసే దొంగ పేపర్లని పట్టుకుంటున్నారు ఇప్పుడు. నీ థీసిస్‌లో వేరుశనగ ఊడలకి ఆ టూల్ ఏం పేరు పెట్టిందో నాకు చూడాలనే ఉంది గానీ, నువ్వు మాత్రం ఆ ఫైల్ మొత్తం తీసి అవతల పారెయ్యి. 31 శాతం ఉన్న పాత ఫైల్‌కి వెళ్లు. కనీసం అందులో ఏది ఎవరిదో తెలుస్తుంది.

ఏఐ గురించి సగం జవాబే చెబుతాను, ఎందుకంటే రూల్స్ యూనివర్సిటీకొక రకంగా ఉన్నాయి. ముందు మీ దగ్గర ఏముందో కనుక్కో, వాడితే వాడానని చెప్పమనే జర్నల్స్ ఎక్కువయ్యాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏఐ రాసిందో మనిషి రాసిందో కనిపెడతామనే డిటెక్టర్లని 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకి సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని తేల్చాయి ఆ డిటెక్టర్లు. అంటే నువ్వు నిజాయితీగా రాసినా మాట పడొచ్చు. అందుకని నీ చిత్తుప్రతులన్నీ తేదీలతో దాచుకో, చేతిరాతవి కూడా. నా వరకు నా అభిప్రాయం ఏంటంటే, నువ్వు రాసిన వాక్యంలో గ్రామర్ తప్పు చూపించమని అడగడం వేరు, నీ బదులు వాక్యం రాయమనడం వేరు. మొదటిది పక్క గది సీనియర్ చేసే సాయమే. రెండోది చేస్తే, వైవాలో 'ఇక్కడ ఈ మాట ఎందుకు వాడావు' అని అడిగినప్పుడు నీ దగ్గర జవాబుండదు.

ఈ మాట నాకెలా తెలుసంటే, అప్పుడు ఏఐలు లేవు గానీ నా పని నేనూ అలాగే చేశాను. మా రోజుల్లో ఒక పెద్దాయన పుస్తకం మీద అందరికీ మోజు, ఆయన మాటలే నా థీసిస్ నిండా. వైవాలో ఎగ్జామినర్ 64వ పేజీ తెరిచి, "ఈ మాటకి అర్థం ఏంటమ్మా?" అన్నారు, నిజంగా తెలియకే అడిగారనుకుంటాను, ఆయనది వేరే సబ్జెక్ట్. నేను నోరు తెరిచాను, ఏమీ రాలేదు. అక్కడ నేను మంచినీళ్లు తాగినంతసేపు ఇంకెప్పుడూ తాగలేదు.

సరే, నీ సంగతికి వద్దాం. ఉత్తరం చివర ఏదో చిన్న విషయంలా రాశావే, వానలు ఎగ్గొట్టినా ఒక రకం తగ్గలేదని. థీసిస్ అదే! డిస్కషన్ చాప్టర్ అక్కడ మొదలుపెట్టు. నీ టేబుల్ ముందు పెట్టుకుని, ఏ గడి చూసి నువ్వు 'ఇదేంటి!' అనుకున్నావో దాని మీద వేలు పెట్టు. పూత నేల పైన, కాయ నేల లోపల, మధ్యలో ఊడ దిగాలి, పైమట్టి గట్టిపడితే అది దిగదు, ఇది మీ జిల్లాలో ఏ రైతునడిగినా చెబుతాడు. మరి ఆ రకానికి బెట్ట ఊడలు దిగాక తగిలిందా, ముందు తగిలిందా? వేరు లోతుకి పోయిందా? లేక ఆ ఒక్క మడిలో తేమ ఎక్కువగా ఉండి నువ్వు మోసపోయావా? ఈ మూడూ తెలుగులో రాసుకో, నీకు వచ్చిన తెలుగులో. తర్వాత ఒక్కోదాన్నీ చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాయి, ఒక వాక్యంలో ఒకే సంగతి. అందంగా ఉండవు. ఉండక్కర్లేదు. ఇంగ్లీషు తప్పులు దిద్దేవాళ్లు దొరుకుతారు, ఆ గడి చూసి నువ్వు అనుకున్న 'ఇదేంటి'ని నీ బదులు ఎవరూ అనుకోలేరు.

ప్రశ్న: తెలుగు శాఖలో పరిశోధన. శ్రీకాకుళం కథల్లో వలస మీద. నేను మామూలు తెలుగులో రాస్తే 'ఇది పత్రిక భాష, సిద్ధాంత గ్రంథం భాష కాదు' అని వెనక్కి పంపారు. మేం గిడుగు వారి ఊరివాళ్లం అండీ, ఇంకా ఇదేనా?

జవాబు: అదే చూడండి! ముఖలింగం దగ్గర పుట్టిన మనిషి, పర్లాకిమిడిలో మాస్టారు ఉద్యోగం చేస్తూ సవర గిరిజనుల పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, శాసనాలు చదవడం సొంతంగా పట్టుకుని, వ్యావహారికం కోసం జీవితమంతా పోట్లాడారు. ఆయన వాదంలో నాకు బాగా నచ్చేదేంటంటే, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితులే అది తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ల పుస్తకాల్లోంచే ఏరి చూపించడం. ఆ తప్పులు ఎందుకొస్తాయి? మనది కాని భాషలో ఆలోచిస్తే వస్తాయి. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, 30న విద్యార్థి చాప్టర్‌లో 'అధ్యయనము గావింపబడినది' అని దిద్దేవాళ్లున్నారు, ఏం చేస్తాం.

కానీ మీ వైపూ ఒకసారి చూసుకోండి, కోపం తెచ్చుకోకుండా. 'పత్రిక భాష' అన్నమాటలో కొంచెం నిజం ఉండే అవకాశం ఉంది. మీరు పంపిన పేజీలో 'గుండెల్ని పిండేసే వలస చిత్రం' అనీ, 'కళ్లకు కట్టినట్టు ఆవిష్కరించారు' అనీ ఉన్నాయి. ఇవి మామూలు తెలుగూ కాదు, మీ గొంతూ కాదు, పుస్తక పరిచయాల్లో అరిగిపోయిన మాటలు. ఆ కథలో ఏ వాక్యం దగ్గర మీ గుండె ఎలా పిండిందో చూపించండి, ఆ వాక్యం ఎత్తి రాసి. రైలు పెట్టెలో తల్లి ఏం మూట కట్టింది, కొడుకు ఫోన్‌లో ఏం అబద్ధం చెప్పాడు, రచయిత అక్కడ కళింగాంధ్ర మాట వాడి కథనంలో మాత్రం పత్రిక తెలుగు ఎందుకు వాడారు. అది గమనిస్తే మీరు ఏ భాషలో రాసినా అది సిద్ధాంత గ్రంథమే.

ఇంకోటి, నా సొంత చిరాకు ఒకటి ఇక్కడ వెళ్లగక్కుతాను. 'బడు' ధాతువు. సేకరించబడింది, విశ్లేషించబడింది, పరిశీలించబడింది. ఇదేదో గంభీరంగా ఉంటుందని రాస్తారు గానీ మన ఇళ్లల్లో ఎవరైనా 'అన్నం వండబడింది, రండి' అంటారా? ఇంగ్లీషు థీసిస్‌లు చూసి తెచ్చుకున్న అలవాటు ఇది. మీ చాప్టర్‌లో 'బడు'లన్నీ గుర్తుపెట్టి ఒక్కోదాని పక్కనా 'ఎవరు?' అని రాయండి. ఎవరు సేకరించారు, మీరా, మీ సీనియరా, ఆకాశమా? జవాబు రాగానే వాక్యం దానంతటది నిలబడుతుంది. ఈ ఒక్క పని చేసి మళ్లీ ఇవ్వండి, భాష 'సామాన్యం'గా ఉందని ఎవరైనా అంటే అప్పుడు గిడుగు వారి పేరు ఎత్తుదాం.

ప్రశ్న: మా గైడ్ గారు నా వాక్యాలన్నీ మార్చేస్తారు. చివరికి అది ఆయన రాసినట్టే ఉంటుంది. ఎదురు చెప్పలేను. సొంత గొంతు అంటే నవ్వొస్తోంది.

జవాబు: ఆయన దిద్దిన పాత చాప్టర్ ఒకటి తీసి, మార్పులన్నిటినీ రెండు రంగుల్లో గుర్తుపెట్టు. అర్థం మారినవి ఎరుపు, మాట మాత్రమే మారినవి నీలం. నాకు తెలిసినంతలో నీలమే ఎక్కువ వస్తుంది. నీలం అన్నీ ఆయనకి వదిలెయ్యి, దండం పెట్టి. ఎరుపు ఓ ఐదారు మిగులుతాయి, అవి పట్టుకుని వెళ్లి, "సార్, ఇక్కడ నేను చెప్పాలనుకున్నది ఇదీ, మీరు మార్చాక ఇలా అయింది, నా డేటా ఇలా అంటోంది" అని అడుగు. వాక్యం నాది అని పోట్లాడితే గైడ్లకి కోపం వస్తుంది, డేటా ఇలా ఉంది అంటే చాలామంది ఆగి చూస్తారు. ఆగనివాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు ఆ పేరాని తీసి వేరే ఫైల్‌లో దాచుకో, పీహెచ్‌డీ అయ్యాక నీ పేరుతో వ్యాసంగా వేసుకోవచ్చు. నావి అలాంటివి రెండున్నాయి, రెండోది అచ్చయ్యాక మా సారే ఫోన్ చేసి, "ఇది థీసిస్‌లో ఎందుకు పెట్టలేదమ్మా?" అని అడిగారు.